సబూతు గిద్యోను

చేవెళ్ల, మొయినాబాదుల మధ్య ఊళ్లలో ఉట్టి గిద్యోను అని అడిగితే ఎవరికీ తెలిసేది కాదు. సబూతు గిద్యోను అంటే మాత్రం గొర్రెలు కాసేవాడు కూడా కర్ర చాచి దారి చూపించేవాడు. సబూతు అంటే రుజువు. సర్కారు కచేరీలో నడిచే ఆ ఉర్దూ మాటను గిద్యోను ప్రార్థన మందిరానికి పట్టుకొచ్చాడు, పోచమ్మ గుడి ముందుకు పట్టుకుపోయాడు, ఆఖరికి పెళ్లి మాటల్లోనూ దూర్చాడు. పిల్ల బుద్ధిమంతురాలని పెద్దమనుషులు చెబుతుంటే "సబూతేంది?" అన్నాడట. ఆ సంబంధం ఎలాగో నిలిచింది గానీ, ఆ తర్వాత అతన్ని పెళ్లి మాటలకు పిలిచినవాళ్లు లేరు.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కూర్చున్నా ఒక మోకాలు ఆడుతూనే ఉండేది. చేవెళ్ల సర్కారు దవాఖానలో కొలువు. ఊరూరూ తిరిగి టీకాలు వేయాలి, గత్తర, అంటే కలరా, తగిలిన చోట బావుల్లో ఎర్రమందు కలపాలి. సైకిలు వెనక రేకు డబ్బాలో ఆ మందు ఉండేది. చూడటానికి నల్లటి పలుకులు. నీళ్లలో పడితే నీళ్లు ఎర్రబడతాయి, ఒకటి రెండు రోజులకు ఆ రంగు దానంతటదే విరిగిపోతుంది. ఇల్లు ముడిమ్యాలలో, కిరస్తానీల వాడలో. వారానికోసారి ఇంటికి వచ్చేవాడు.

పుట్టుకతోనే అడ్డం తిరిగిన మనిషేం కాదు. చిన్నప్పుడు మిషన్ బడిలో వాక్యాలు కంఠతా పట్టి బహుమతులు తెచ్చుకున్నవాడే. వయసొచ్చాక పట్నంలో ఒక దవాఖానలో పనికి కుదిరాడు. అక్కడి డాక్టరు ఒకరోజు ఖుర్దబీన్‌లో, అంటే సూక్ష్మదర్శినిలో, చుక్కనీళ్లు పెట్టి చూడమన్నాడు. వంకర పురుగులు గిలగిలా తిరుగుతున్నాయి. ఇవే గత్తర తెచ్చే పురుగులన్నాడు డాక్టరు. గిద్యోను కళ్లు నొప్పెట్టేదాకా చూశాడు. ఈ పురుగు కిరస్తానీని, హిందువును, తురకను ఒక్క తీరుగానే చంపుతుంది. మరి మనల్ని పుట్టించినవాడికి ఈ సంగతి తెలిసే ఉండాలి కదా, నీళ్లు కాచుకొని తాగండని ఒక్క మాట ముందే ఎందుకు చెప్పలేదు? ఆ ప్రశ్న ఆ రోజు తలలో దూరి మళ్లీ బయటికి పోలేదు.

అయినా ఆదివారం మందిరానికి పోతూనే ఉన్నాడు. పందొమ్మిది వందల ముప్పై అయిదులో అతని ఒక్కగానొక్క కొడుకు సాలోమోను జ్వరంతో పడ్డాడు. అయిదేళ్లవాడు. వాడ మొత్తం మూడు రోజులు మోకాళ్ల మీద ప్రార్థన చేసింది. గిద్యోను కూడా చేశాడు. చేవెళ్ల నుంచి మందు తెచ్చి పోశాడు. ప్రార్థనా పని చేయలేదు, మందూ పని చేయలేదు. సమాధి దగ్గర పౌలు పంతులు, "ప్రభువు తన బిడ్డను తాను తీసుకున్నడు" అన్నాడు. పౌలు వాడకు బోధకుడు, పిల్లలకు పంతులు, గిద్యోనుతో చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చున్నవాడు. ఆ స్నేహం కూడా చూడకుండా గిద్యోను అందరిముందూ, "తీసుకున్నడనే దానికి సబూతేందన్నా?" అని అడిగాడు.

మర్నాడు సైకిలు తొక్కుకుంటూ చేవెళ్ల దవాఖాన డాక్టరు దగ్గరికి పోయి అదే అడిగాడు. మందుకు సబూతేంది? ఆయన మంచివాడు. "నూరు మందిల డెబ్బై మంది బతుకుతరు. ఎవరు బతుకుతరో నాకు తెల్వదు" అన్నాడు. తెలియదు అనే మాట గిద్యోనుకు నచ్చింది. కొడుకు పోయిన కడుపుకోతకు అది మందు కాదు. కానీ తెలియనిది తెలియదని చెప్పిన మనిషి ఒకడు దొరికాడు. ఆ రోజు నుంచి అతను మళ్లీ మోకాళ్లు వంచలేదు.

అది తల్లి శాంతమ్మకు తీరని దిగులు. శాంతమ్మ సంగతి చెప్పాలంటే ఆమె బర్రె సంగతి చెబితే చాలు. ఒకసారి బర్రెను అమ్మజూపింది. కొనవచ్చిన మనిషికి, "పాలు తక్కువ, తన్నుతది, ఎండకాలం మేత ముట్టది" అని తానే వరసగా చెప్పుకుపోయింది. వచ్చినవాడు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. "జర నోరు మూసుకుంటే ఏమైతుండె అత్తా" అని కోడలు విమలమ్మ గొణిగితే, "అబద్ధమాడి నరకంల కాలుమంటవా?" అంది. మాటవరసకు కాదు. నరకం ఆమెకు శంకర్‌పల్లి ఎంత నిజమో అంత నిజం. స్వర్గమూ అంతే. అక్కడ సాలోమోను ఆడుకుంటున్నాడు, తాను పోగానే పరుగెత్తుకొస్తాడు, ఎత్తుకోవాలి. ఆ ఎత్తుకోవడం కోసమే ఆమె ముసలితనం అంతా ఓపిక పట్టింది.

కొడుకు ఊరు దాటి పోతున్నాడంటే అతని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. క్షేమంగా పోయి రావాలని మొదలుపెట్టి, వాడలో ఉన్న ప్రతి ముసలిదాని మోకాళ్ల నొప్పి దాకా పోయేది. గిద్యోను మెడ వంచుకొని, సైకిలు పట్టుకొని, కాలు మార్చి కాలు మీద నిలబడేవాడు. "ఒక్కసారి మోకాళ్లూనరాదు బిడ్డా" అని ఆఖర్న అడిగేది. అతను విననట్టే సైకిలెక్కేవాడు.

నలభై ఒకటి ఎండాకాలంలో గత్తర వచ్చింది. మొయినాబాదు పక్క పల్లెల్లో మొదలై ముడిమ్యాల ఊళ్లోకి దిగింది. ఊరివాళ్లు అమ్మవారికి మొక్కి, ఒక సాయంత్రం పొలిమేర చుట్టూ పొలి చల్లారు. పొలి అంటే బలిచ్చిన పశువు నెత్తురు కలిపిన అన్నం. కిరస్తానీల వాడలో తలుపులు మూసుకొని పాటలు పాడారు. విగ్రహానికి పెట్టినదాన్ని ముట్టకూడదనేది ఆ వాడలో పాలు తాగే పిల్లకు కూడా తెలిసిన కట్టడి. అది నేర్పింది ఎక్కువగా శాంతమ్మే.

ఆ మర్నాడు తెల్లవారుతుండగా గిద్యోను చేవెళ్ల నుంచి వచ్చాడు. వాడకు ఒకటే బావి, మిషన్ బాయి అంటారు. బకెట్లో మందు కలిపి బావిలో పోశాడు. ఎవరికీ చెప్పలేదు. అంతకుముందు ఏడాది ఇంకో ఊళ్లో చెప్పి పోద్దామని చూస్తే, బావిలో విషం పోస్తాడా మందు పోస్తాడా అని రెండు రోజులు పంచాయతీ నడిచింది, ఆ రెండు రోజుల్లో ఇద్దరు చచ్చిపోయారు. ఈ గొర్రెలకు చెప్పి లాభం లేదు, చేసేయడమే అనుకున్నాడు. సరే, అది అతని పొగరు. దానికైనా ఒక అర్థం ఉంది. కానీ ఇంటి గడప తొక్కి, "అవ్వా, బాయిల మందు పోసిన" అని తల్లికి ఒక్క మాట చెప్పడానికేం రోగం? తొక్కలేదు. తొక్కితే అవ్వ తల మీద చెయ్యి పెడుతుంది, ప్రార్థన అరగంట సాగుతుంది, మొయినాబాదుకు ఆలస్యమవుతుంది. ఆ అరగంట తప్పించుకోవడానికి బావి దగ్గరినుంచే సైకిలు తిప్పాడు.

పొద్దెక్కాక మొదట బావికి వచ్చింది శాంతమ్మే. తొంగి చూస్తే నీళ్లు ఎర్రగా ఉన్నాయి. నిన్న సాయంత్రమే పొలి తిరిగింది. ఇంకేం కావాలి? "పొలికుండ మన బాయిల కడిగిన్రు. ఒక్కలు కూడ ముట్టకున్రి!" అని కేక పెట్టింది. ఆడవాళ్లందరినీ వెంటేసుకొని వాగుకు పోయి, ఇసుకలో చెలిమె, అంటే నీళ్లూరే గుంట, తోడించి కడవలు నింపించింది. ఆ చెలిమెకు ఎగువన, పిలిస్తే పలికేంత దూరంలో, గత్తరతో పోయినవాళ్ల బట్టలు ఉతుకుతున్నారు.

మొయినాబాదు పల్లెల్లో మూడు రోజులు తిరిగి గిద్యోను ఇంటికి వచ్చేసరికి వాడలో ఏడుపులు. పొరుగింటి మారెమ్మ మొగుడు పోయాడు. ఇంకొక ఇంట్లో అన్నదమ్ములిద్దరు పోయారు. తొమ్మిది మంది పడకల మీద ఉన్నారు. అందులో శాంతమ్మ ఒకతె. కళ్లు లోపలికి పోయాయి, చేతుల మీద తోలు ముడతలు పడింది. "బాయి నీళ్లు తాగలేదా?" అని విమలమ్మను అడిగాడు. జరిగింది ఆమె చెప్పింది. గిద్యోను గోడకు ఆనుకొని నిలబడిపోయాడు.

తాను ఒక్క మాట చెప్పకపోవడం వల్ల ముగ్గురు పోయారు. ఇప్పుడైనా చెప్పాలి, లేకపోతే మిగిలినవాళ్లు చెలిమె మానరు. చెబితే? పక్కనే మంచం మీద అవ్వ ఉంది. జనాన్ని నమ్మకం కొద్దీ చావు నీళ్ల దగ్గరికి నడిపించింది తానేనని ఆమెకు తెలుస్తుంది. బతికేలా లేదు. ఆ మాటతో పోవాలా? చెబితే అవ్వ గుండె పగులుతుంది, చెప్పకపోతే వాడ చస్తుంది. నిజం చెప్పడానికి ఎన్నడూ వెనకాడని మనిషికి ఆ రోజు నోరు రాలేదు.

కాచిన నీళ్లలో ఉప్పు కలిపి అవ్వకు పట్టించాడు. కక్కినది ఎత్తిపోసి, వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసుకొని, ఎర్రమందు పలుకు వేసి చేతులు కడుక్కున్నాడు. శాంతమ్మ కళ్లు సగం తెరిచి గిన్నె వైపు తిరిగి ఉంది. మగతలో ఉందనుకున్నాడు. అప్పుడే అతనికి తోవ తోచింది. ఇప్పటికి మూడు రోజులు. బావిలో ఎర్ర రంగు విరిగిపోయి ఉంటుంది. ఆనాటినుంచి ఆ వైపు ఎవరూ తొంగి చూడలేదు. గిద్యోను లేచి పౌలు పంతులు ఇంటికి పరుగెత్తాడు.

"అన్నా, బాయి కాడ ప్రార్థన పెట్టు. పొలి మైల పోవాలని అడుగు. అందర్ని పిలువు."

పౌలు నోరు తెరిచి చూశాడు. "నువ్వంటున్నవా గీ మాట?"

"నేనే అంటున్న. జల్ది పెట్టు."

"నువ్వు మోకాళ్లూనుతవా?"

"ఊనుత" అన్నాడు.

మధ్యాహ్నం ఎండలో వాడంతా బావి చుట్టూ చేరింది. గిద్యోను రాళ్ల మీద మోకాళ్లూనాడు. అంత మందిలో దేవుణ్ణి ఏమీ అడగనివాడు అతనొక్కడే. కళ్లు మూసుకొని, పురుగు చావడానికి ఎంత మందు కావాలో, ఎంత పోశాడో మనసులో లెక్కలు కడుతున్నాడు. ప్రార్థన అయ్యాక పౌలు చేద వేసి నీళ్లు తోడాడు. తేటగా ఉన్నాయి. ఆడవాళ్లు గొల్లున ఏడ్చారు, పాట ఎత్తుకున్నారు. అయినా కొందరు తాగడానికి జంకారు. శాంతమ్మ ఏమంటుందో అడుగుదామని ఆమె మంచం దగ్గరికి వచ్చారు. ఆమె గొంతు లేచిందంటే అదే ఒక వింత.

"ఎర్రను దేవుడే తీసిండు. నా కొడుకు మోకాళ్లూనితే తీసిండు. మీరు ఫికర్ చెయ్యకున్రి, తాగున్రి."

దాంతో అందరూ బావికి మళ్లారు. వాడలో ఆ తర్వాత పడినవాళ్లు లేరు. పడకల మీద ఉన్నవాళ్లలో ఏడుగురు లేచారు, ఒకరు లేవలేదు. శాంతమ్మ ఆ సాయంత్రమే పోయింది. ముఖంలో నిమ్మళం ఉందని చూసినవాళ్లందరూ అన్నారు.

గిద్యోనుకు మాత్రం అప్పటినుంచి నిమ్మళం లేదు. ఏటా ఆ రోజున మిషన్ బాయి దగ్గర కృతజ్ఞత కూడిక మొదలైంది. దేవుణ్ణి నమ్మనివాడు ఆ ప్రాంతానికంతటికీ ఒక అద్భుతాన్ని తయారుచేసి ఇచ్చాడు. కూడిక నాడు సాక్ష్యం చెప్పమని పౌలు పిలిచేవాడు. గిద్యోను లేని పని కల్పించుకొని చేవెళ్ల పోయేవాడు. సబూతు అడగడం కూడా తగ్గించాడు. ఎవరైనా తిరిగి తననే అడుగుతారేమోనని భయం. అన్నిటికంటే అవ్వ సంగతి కెలికేది. జీవితమంతా కోరుకున్న ఒక్క కోరికను దొంగసరుకుగా ఆమె చేతిలో పెట్టి పంపించాడు.

నలభై ఏడులో మళ్లీ గత్తర వచ్చింది. శంకర్‌పల్లి పక్కనున్న ప్రొద్దుటూరులో బావికి మందు పోయడానికి పోతే అక్కడి కిరస్తానీలు పోయనివ్వలేదు. "మాకు మందెందుకే? మిషన్ బాయి నీళ్లు తెచ్చుకొని మా బాయిల ఒక చెంబెడు పోసుకుంటం" అన్నారు. గిద్యోను ఎంత చెప్పినా నవ్వారు. ఆ బావి మహిమకు మొదటి సాక్షివి నువ్వే కదా అన్నారు. అక్కడ అప్పటికే ఇద్దరు పోయారు. ఇంటికి వచ్చి సైకిలు గోడకు కొట్టినట్టు ఆనించాడు. మర్నాడే కూడిక.

"రేపు చెప్పేస్త" అన్నాడు విమలమ్మతో. "ఎర్ర నాదే, అద్భుతం లేదు, ఏం లేదు అని అందరి ముందట చెప్పేస్త. అవ్వను మోసం చేసి సాగనంపిన. గిప్పుడు ఊళ్లను కూడ మోసం చెయ్యాల్నా?"

విమలమ్మ జొన్నలు చెరుగుతోంది. చాట కింద పెట్టింది.

"మోసపోయింది అత్త కాదు" అంది. "నువ్వు."

"ఏందే?"

"ఆనాడు నువ్వు గిన్నెల చేతులు కడుగుతుంటె నీళ్లు ఎర్రగయినయి. అత్త చూసింది. నువ్వు పంతులు కాడికి ఉరికినంక నన్ను పిలిచి, దూపయితున్నది, మన బాయి నీళ్లు తెచ్చి పొయ్యి అన్నది. ప్రార్థన ఇంక కానే లేదు. నేను చాటుంగ పోయి తోడిన. అప్పటికే తేటగున్నయి. తెచ్చి పోస్తె తాగి, చానసేపు ఏడ్చింది. ముగ్గుర్ని నేనే చంపుకుంటి అని ఏడ్చింది. తర్వాత నా చెయ్యి పట్టుకొని, వానికి చెప్పకు, నాకు తెలిసిందని వానికి తెలిస్తె వాడు బతకడు, మందు సంగతి తెలిస్తె వాడకట్టోళ్లు వాన్ని బతకనియ్యరు అన్నది."

గిద్యోను మెల్లగా కింద కూర్చున్నాడు. మోకాలు ఆడుతోంది.

"ఎర్రను దేవుడే తీసిండన్నది గదనే."

"అన్నది" అంది విమలమ్మ. "బర్రె తన్నుతదని దాచలేనామె, ఆ మాట అన్నది."

అంతే. విమలమ్మ మళ్లీ చాట అందుకుంది.

గిద్యోను బయటికి వచ్చి సైకిలు తీసి, ఎటు పోతున్నాడో తెలియకుండా తొక్కాడు. బావి దగ్గర తాను ఆడిన అబద్ధానికి తనకేం ఖర్చయింది? చచ్చాక అడిగేవాడు ఎవడూ లేడని నమ్మినవాడు మోకాళ్లకు కాస్త దుమ్ము అంటించుకున్నాడు, అంతే. అవ్వ అలా కాదు. అబద్ధానికి అగ్నిలో కాలాలని నమ్మింది. స్వర్గపు గుమ్మం ఇంకో నాలుగు గంటల్లో ఉందని తెలిసి, అక్కడ సాలోమోను ఎదురుచూస్తున్నాడని తెలిసి, వాణ్ణి ఎత్తుకునే వీలు పోతుందేమోనని కూడా తెలిసి, ఆ మాట అన్నది. కొడుకు కోసం అన్నది. వాడ కోసం అన్నది.

పన్నెండేళ్లుగా అక్కడ ఎవరూ లేరని వాదించినవాడు, ఆ సాయంత్రం మొదటిసారి, నిజంగా ఎవరూ లేకుండా ఉంటే బాగుండునని ఆశపడ్డాడు. లేకపోతే ఆమెను నిలదీసేవాడు ఉండడు. కానీ లేకపోతే సాలోమోను కూడా లేడు. ఆమె ఎత్తుకోవడానికి ఎవరూ పరుగెత్తుకు రారు. ఉన్నాడనుకుంటే ఒక బాధ, లేడనుకుంటే ఒక బాధ. ఏది కోరుకోవాలో తెలియక వాగు దాకా పోయి వెనక్కి వచ్చాడు.

మర్నాడు కూడికకు జనం బాగా వచ్చారు. ప్రొద్దుటూరు ఆడవాళ్లు సీసాలు తెచ్చుకున్నారు. గిద్యోను ఈసారి చేవెళ్ల పోలేదు. గాజు గ్లాసులో బావినీళ్లు ముంచి, అందరూ చూస్తుండగా ఒక పలుకు వేశాడు. నీళ్లు ఎర్రబడ్డాయి.

"ఆనాటి ఎర్ర గిదే. నేనే పోసిన. మందు. మీకు చెప్పకుంట పోసిన. చెప్పి ఉంటె ఎవ్వరు చెలిమెకు పోకపోదురు. మా అవ్వ తప్పు లేదు, ఆమెకు తెల్వదు."

ఆ ఆఖరి మాట విమలమ్మ వైపు చూడకుండా చెప్పాడు. మారెమ్మ లేచి వచ్చి గ్లాసు తీసుకుంది. వెలుతురుకు పట్టి చూసింది. కొడుతుందేమో అనుకున్నారు.

"ఒక్క మాట చెప్పకపోతివి గదరా" అంది. "ఒక్క మాట."

"చెప్పలేదు, వదినా."

ఆమె గ్లాసు రాతి మీద పెట్టి ఇంటికి వెళ్లిపోయింది. కొందరు తిట్టారు. కొందరు నమ్మలేదు. ప్రొద్దుటూరు పెద్ద ఒకడు, రేపొచ్చి మందు పొయ్యమన్నాడు. సీసాల్లో నీళ్లు కొందరు పారబోశారు, కొందరు ఎందుకైనా మంచిదని కొంగుచాటున పెట్టుకొని పోయారు.

ఆఖరికి బావి గట్టు మీద పౌలు ఒక్కడే మిగిలాడు. ఆరేళ్లు ఆ బావి మీద బోధ చేసిన మనిషి. గిద్యోను పోయి పక్కన కూర్చున్నాడు.

"అన్నా, ఒకటి అడుగుత. ఒకలను కాపాడనీకి అబద్ధమాడిన మనిషికి అక్కడ మాఫీ ఉంటదా?"

పౌలు చిరాగ్గా చూశాడు. "నీకెందుకురా గా ఫికర్? నువ్వు నమ్మవు గద."

"నా సంగతి కాదు."

పౌలు అతని ముఖంలోకి చూశాడు. ఎవరి సంగతి అని అడగబోయి మానుకున్నాడు. "ఉంటది" అన్నాడు.

గిద్యోను మోకాలు ఆడుతూనే ఉంది. సబూతు మాత్రం అడగలేదు.